సి షిఫ్టు దిగాక: యహతా కొట్టు, మన పర్మిట్ రూము

బీరు కోసమే జపాన్ వెళ్లే ఒంటరి యాత్రికుల దారి దాదాపు ఖరారై ఉంటుంది. ఉత్తరాన సప్పొరోలో ఎర్ర ఇటుకల బీరు మ్యూజియం, టోక్యోలో ఎబిసు, గింజాలో 1934 నాటి బీరు హాలు, మధ్యలో ఎక్కడ దిగితే అక్కడ ఓ చిన్న క్రాఫ్ట్ బ్రూవరీ. క్యూషు దీవి ఉత్తరపు కొసనున్న కితాక్యూషు నగరం ఈ జాబితాలోకి మామూలుగా రాదు. విశాఖలో ఉక్కు ప్లాంటు ముందున్న కూర్మన్నపాలెం నుంచి బయలుదేరినవాడు మాత్రం ముందు అక్కడే దిగాలి. అక్కడి బీరు మిగతాచోట్ల కంటే గొప్పదని కాదు. ఉక్కు కర్మాగారం గేటు పక్కన పెరిగిన ఊరు ఎలా తాగుతుందో, ఆ తాగుడును సర్కారు ఎలా చూస్తుందో నూరేళ్లకు పైబడిన చరిత్ర ఆ ఊరి కొట్లలో ఉంది. ఆ చరిత్రలో సగం మనకు తెలిసిన కథే.

ఆ కొట్లను కకు-ఉచి అంటారు. పేరుకి అది మద్యం చిల్లరగా అమ్మే దుకాణం, మన వైన్‌షాపు లాంటిదే. గోడల నిండా సీసాల అరలు, ఓ పక్క ఎత్తయిన చెక్కబల్ల. కుర్చీలుండవు. వచ్చినవాడు ఫ్రిజ్ తలుపు తనే తీసి సీసా తెచ్చుకుని, డబ్బులు బల్లమీద పెట్టి, నిలబడి తాగుతాడు. ధర కొట్టు ధరే; బారులో లాగా పైన వేసేదేమీ ఉండదు. నంజుకోవడానికి డబ్బా చేపలు, వేరుసెనగపప్పు, ఎండబెట్టిన స్క్విడ్. పొయ్యి వెలిగించరు, ఎందుకంటే కొట్టుకున్న లైసెన్సు అమ్మకానిది, హోటలుది కాదు. ఒక్కడే వచ్చినా ఎవరూ వింతగా చూడరు. మాట్లాడాలనిపిస్తే పక్కవాడితో నాలుగు ముక్కలు, లేకపోతే ఆ పూట పేపరు. పావుగంటో అరగంటో నిలబడి వెళ్లిపోతాడు.

ఇలాంటి కొట్లు జపాన్‌లో చాలా ఊళ్లలో ఉన్నాయి. కానీ కకు-ఉచి అనగానే జపనీయులకు గుర్తొచ్చేది కితాక్యూషు. కారణం అక్కడి యహతా. చైనాతో యుద్ధం గెలిచాక జపాన్ ప్రభుత్వం జర్మన్ల సాయంతో కట్టిన ఉక్కు కర్మాగారం అది. 1901లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. ఇనుప ఖనిజం చైనాలోని దాయె గనుల నుంచి, బొగ్గు దగ్గర్లోని చికుహో గనుల నుంచి. పక్కనే మోజి రేవు, అక్కడ బొగ్గు మోసే కూలీలు. 1920 ఫిబ్రవరిలో యహతా కార్మికులు సమ్మెకు దిగి కొలుములు చల్లార్చేశారు. పనిగంటలు తగ్గించమన్నది వాళ్ల ముఖ్యమైన కోర్కెల్లో ఒకటి. కొలిమికి రాత్రీ పగలూ లేదు కనక పని షిఫ్టుల్లో సాగేది. రాత్రి షిఫ్టు దిగినవాడికి పొద్దున్నే సాయంత్రం. పొద్దున ఏడింటికి ఏ బారు తెరుస్తుంది? సరుకు దింపుకోవడానికి తలుపు తీసే మద్యం కొట్టొక్కటే దిక్కు. అక్కడే నిలబడి ఓ గ్లాసు పోయించుకుని ఇంటికి పోయి పడుకునేవారు. ఈ అలవాటుకి పుట్టుక ఇదీ. విలాసమూ లేదు, వేడుకా లేదు.

తొలినాళ్లలో ఆ గ్లాసులో ఉన్నది బీరు కాదు. బియ్యంతో కాచిన సాకె, లేదా ఘాటైన షోచు. బీరు అప్పటికి దొరల పానీయం, ఖరీదెక్కువ. అది కార్మికుడి చేతికి రావడం వెనుక ఉన్న కథలో బీరు కాచేవాళ్లెంతమంది ఉన్నారో పన్ను గుమాస్తాలూ అంతమంది ఉన్నారు.

1870 ప్రాంతంలో యొకొహామాలో విలియం కోప్లండ్ అనే నార్వేలో పుట్టిన అమెరికన్ ఒక బ్రూవరీ పెట్టాడు. గిరాకీ అంతా ఓడల నావికులదీ విదేశీ వర్తకులదీ. అది 1884లో మూతబడింది. ఆ స్థలంలోనే లేచిన కంపెనీ 1888లో కిరిన్ బీరు అమ్మకానికి తెచ్చింది. ఉత్తరాన మాత్రం బీరు సర్కారు పథకంగా మొదలైంది. హొక్కయిడో దీవిని అభివృద్ధి చేయడానికి పెట్టిన శాఖ 1876లో సప్పొరోలో బ్రూవరీ కట్టింది. జర్మనీలో రెండేళ్లు బీరు పని నేర్చుకొచ్చిన నకగవ సెయిబెయి దాని తొలి బ్రూమాస్టర్. నిజానికి ఆ బ్రూవరీని ముందు టోక్యోలో కడదామనుకున్నారు. మురహషి హిసనరి అనే అధికారి అడ్డం తిరిగి, లాగర్ బీరుకి మంచుగడ్డలు కావాలి, బార్లీ పండే నేల కావాలి, రెండూ ఉన్నది ఉత్తరానేనని పైవాళ్లను ఒప్పించాడు. ప్రారంభం నాడు పీపాలు గుట్టగా పేర్చి, బార్లీ, హాప్స్ కలిపి కాస్తే బీరనే మద్యం అవుతుందని వాటి మీద పెద్ద అక్షరాలతో రాశారట. జనానికి ఆ మాత్రం కూడా తెలియని రోజులవి.

తర్వాత పరుగు వేగం పుంజుకుంది. 1890లో ఎబిసు బీరు, 1892లో అసహి. ఎబిసు పీపాలు రవాణా చేయడానికి 1901లో పెట్టిన గూడ్సు స్టేషన్‌కి ఆ బీరు పేరే పెట్టారు. ఇవాళ టోక్యోలో ఆ పేటంతటికీ అదే పేరు. 1899 ఆగస్టులో గింజా దగ్గర మొదటి బీరు హాలు తెరిచారు. కోటువాలా, రిక్షా లాగేవాడు ఒకే హాల్లో కూర్చోవడం ఆనాటి పత్రికలకు పెద్ద వింత.

ఇక గుమాస్తాల సంగతి. సరిగ్గా ఆ 1899లోనే జపాన్ ప్రభుత్వం ఇళ్లలో మద్యం కాచుకోవడాన్ని పూర్తిగా నిషేధించింది. అదే సంవత్సరం భూమిశిస్తును దాటేసి మద్యం పన్ను దేశపు మొదటి ఆదాయ వనరు అయింది. 1901లో బీరు మీద కూడా పన్ను పడింది. అంటే యహతా కొలిమి, బీరు పన్ను ఒకే ఏడు పుట్టాయి. చిన్న బ్రూవరీలు ఆ దెబ్బకి రాలిపోయాయి. 1908లో ఏటా ఇంతకు తక్కువ కాచేవాడికి లైసెన్సే లేదన్నారు. 1906లో మూడు పెద్ద కంపెనీలు కలిసి దై నిప్పన్ బీరు అయ్యాయి. ఆఖరికి సీసా కొలత కూడా పన్నువాళ్లు పెట్టిందే. జపాన్‌లో పెద్ద బీరు సీసా 633 మిల్లీలీటర్లు. ఈ వింత అంకె ఎక్కడిదంటే, 1940లో మద్యం పన్ను చట్టం మారాక దేశంలోని బ్రూవరీల సీసాలన్నీ కొలిచి, వాటిలో అతి చిన్నదాన్నే 1944లో ప్రమాణంగా ఖాయం చేశారు. పెద్ద సీసాలున్నవాళ్లు కాస్త తక్కువ నింపుకుంటే సరిపోతుంది, పాతవి పారేయనక్కర్లేదు. మన సీసా 650. ఆ పదిహేడు మిల్లీలీటర్ల తేడా ఒక యుద్ధకాలపు లెక్క.

కితాక్యూషుకి సొంత బీరు కూడా ఉండేది. మోజి రేవు పక్కన 1912లో పెట్టిన తెయికొకు బీరు కంపెనీ సకురా బీరు తయారుచేసింది. క్యూషులో అదే మొదటి బ్రూవరీ. చివరికది సప్పొరో కంపెనీ చేతికొచ్చి 2000 దాకా నడిచింది. 1913 నాటి దాని ఆఫీసు భవనం ఇంకా నిలబడి ఉంది. యాత్రికుడు ఆ గోడ దగ్గర కాసేపు ఆగాలి. అది మామూలు మట్టి ఇటుక కాదు, ఉక్కు కాచగా మిగిలిన స్లాగ్‌తో చేసిన ఇటుక. ఉక్కు ఊరి చెత్తతో బీరు ఫ్యాక్టరీ గోడ లేచింది. బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసినవాడికి ఆ గోడ విలువ వేరే చెప్పనక్కర్లేదు.

ఈ ఊరికీ విశాఖకీ ఉన్న బంధం అంత మెత్తగా మొదలవలేదు. 1942 ఏప్రిల్ 6న జపాన్ నౌకాదళ విమానాలు విశాఖ రేవు మీద బాంబులు వేశాయి. పట్నం పట్నమంతా మూటలు కట్టుకుని పల్లెలకు పరుగెత్తింది. రెండేళ్ల తర్వాత, 1944 జూన్‌లో, యహతా మీద అమెరికన్ బి-29 విమానాలు దాడిచేశాయి. చైనాలోని చెంగ్దూ నుంచి లేచిన ఆ విమానాల అసలు స్థావరాలు మన ఖరగ్‌పూర్ చుట్టుపక్కల ఉండేవి. వాల్తేరు నుంచి హౌరా వెళ్లే రైలుదారిలోని ఖరగ్‌పూరే. 1945 ఆగస్టు 9న రెండో అణుబాంబుకి మొదట అనుకున్న గురి కూడా ఇప్పటి కితాక్యూషులో భాగమైన కొకురా. నేల కనిపించక విమానం నాగసాకికి మళ్లింది.

పదిహేనేళ్లు తిరిగేసరికి శత్రువులు బేరగాళ్లయ్యారు. యుద్ధం తర్వాత మళ్లీ లేచిన జపాన్ ఉక్కు మిల్లులకు ఖనిజం కావాలి, చైనా తలుపులు మూసుకున్నాయి. 1960లో భారత్, జపాన్‌ల మధ్య బైలదిల్లా ఖనిజం మీద ఒప్పందం కుదిరింది. ఆ ఖనిజం దించడానికే తూర్పు కనుమలను తొలిచి, సొరంగాల మీద సొరంగాలతో, కిరండూల్ నుంచి కొత్తవలసకు రైలుమార్గం వేశారు. మనవాళ్లు అరకు అద్దాల పెట్టెలో కూర్చుని ఫొటోలు తీసుకునే కేకే లైను అదే. పెద్ద ఖనిజం ఓడల కోసం 1976లో విశాఖలో ఔటర్ హార్బర్ వచ్చింది. యహతా, ఫుజి కంపెనీలు 1970లో కలిసి నిప్పన్ స్టీల్ అయ్యాయి. బైలదిల్లా ఖనిజం కొన్న జపాన్ మిల్లుల్లో అది పెద్దది. కూర్మన్నపాలెం ఆర్చి వెనకున్న మన ప్లాంటుకీ ఖనిజం ఆ కొండల నుంచే వస్తుంది. ఒకే కొండ మట్టి రెండు ఊళ్ల కొలుముల్లో కరిగిందన్నమాట.

ఆ కొండల్లో తాగేది మళ్లీ వేరు. బస్తర్లో సల్ఫీ అన్నా, అరకు, పాడేరు కొండల్లో జీలుగు కల్లన్నా ఒకటే చెట్టు. ఖనిజం రైలు ఆ చెట్ల మధ్య నుంచే దిగివస్తుంది. చెట్టు కింద నలుగురూ కూర్చుని ఆనపకాయ బుర్రతో పంచుకునే ఆ తాగుడులో ఒంటరివాడికి చోటు తక్కువ. షిఫ్టుకి అసలు చోటు లేదు.

మైదానంలో కథ నడిపింది అబ్కారీ. మద్రాసు ప్రెసిడెన్సీలో కల్లు, సారా దుకాణాల వేలంపాట సర్కారు ఖజానాకి పెద్ద ఆధారం. గాంధీ మాట మీద రాజాజీ 1937లో సేలం జిల్లాతో నిషేధం మొదలుపెట్టాడు. 1948 అక్టోబరు 2 నాటికి రాష్ట్రమంతా, విశాఖతో సహా, పొడిబారిపోయింది. అప్పుడు కోస్తావాళ్లకు దక్కిన పొరుగుదేశం యానాం. గోదావరి పాయ ఒడ్డున ఫ్రెంచివాళ్ల పాలనలో ఉన్న ఆ చిన్న ఊరికి మద్రాసు చట్టం వర్తించదు. అంతకుముందు శారదా చట్టం తప్పించుకోవడానికి బాల్యవివాహాలు అక్కడికెళ్లి చేసుకునేవారని దానికి కల్యాణపురమని పేరు. పెళ్లికైనా మందుకైనా యానామే. తెలుగునాట తాగడానికని చేసిన యాత్రల చరిత్ర ఎవరైనా రాస్తే మొదటి అధ్యాయం అక్కడే తెరవాలి.

నిషేధం ఒక ప్రభుత్వాన్నే మింగింది. కొత్తగా ఏర్పడ్డ ఆంధ్రరాష్ట్రంలో కల్లుగీత కార్మికులకు బతుకుతెరువు పోయింది. గౌతు లచ్చన్న వాళ్ల పక్షాన ఉద్యమం నడిపారు. నిషేధం ఎత్తేయమని సర్కారు వేసిన రామమూర్తి కమిటీయే చెప్పినా ప్రకాశం పంతులు ప్రభుత్వం ఎటూ తేల్చలేదు. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానంలో ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది.

ఆ తర్వాత దశాబ్దాల్లో నిషేధం సడలి, సారా వేలంపాటలు తిరిగొచ్చి, 1980లలో వారుణి వాహిని పేరిట సర్కారు సారా ప్యాకెట్లలోకి మారి వీధివీధికీ చేరింది. కూర్మన్నపాలెం ఊరుగా పెరిగింది సరిగ్గా ఈ రోజుల్లోనే. 1966లో విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కని 32 మంది ప్రాణాలిస్తే, 1971లో శంకుస్థాపన జరిగి, 1990లో గోదావరి అని పేరుపెట్టిన మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు ప్లాంటును జాతికి అంకితం చేశారు. అదే కాలంలో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడి వాచకంలోని ఓ పాఠం చదువుకున్న ఆడవాళ్లు సారాకొట్టు మూయించారు. వాళ్లలో ముందు నిలిచిన రోసమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబరు 1న సారా ఆగింది. 1995 జనవరి 16న ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది.

ఈ తేదీలను పక్కపక్కన పెట్టి చూడాలి. కొలిమి ముందు ఎనిమిది గంటలు నిలబడి, సి షిఫ్టు దిగి, తెల్లారి ఆరింటికి గేటు బయటికొచ్చిన తొలితరం కార్మికుడికి కళ్లముందు ఐదేళ్లలో మూడు చట్టాలు మారాయి. యహతావాడు తాతల నాటి కొట్టుకి వెళ్లినట్టు వెళ్లడానికి ఇతనికి తాతల నాటి కొట్టంటూ లేకుండా పోయింది. ఉన్నవి లైసెన్సు మారినప్పుడల్లా పేరూ చోటూ మారే షాపులు, అవి మూసినప్పుడు బెల్టుషాపులు.

అయినా అలవాటు తన దారి తను వెతుక్కుంది. తర్వాత వచ్చిన పర్మిట్ రూము ఏమిటి? వైన్‌షాపు ఆనుకుని ఒక గది, నిలబడటానికి బల్లలు, ప్లాస్టిక్ గ్లాసు, నీళ్ల ప్యాకెట్, ఉడికించిన సెనగలో, మిరపకాయ బజ్జీలో. ధర షాపు ధరే. కకు-ఉచికి ఇంతకంటే దగ్గరి చుట్టం ప్రపంచంలో ఎక్కడా దొరకదు. 2019 అక్టోబరులో షాపులు సర్కారే నడపడం మొదలుపెట్టినప్పుడు ఈ గదులు మూతబడ్డాయి. కొన్నవాడు రోడ్డు పక్కనో, తుప్పల్లోనో, బైకు మీదో తాగాడు. 2024 అక్టోబరులో 3,396 షాపులు లాటరీ తీసి మళ్లీ ప్రైవేటువాళ్లకిచ్చారు. మరుసటి ఏడు పర్మిట్ రూములకూ దారి దొరికింది. ఆ గది ఉంటే తాగేవాడు పెరుగుతాడా, లేకపోతే తగ్గుతాడా అన్న వాదన అసెంబ్లీ దాకా వెళ్తుంది గానీ, ఆ గదిలో ఓ శుభ్రమైన కుళాయి ఉండాలని అడిగినవాడు కనిపించడు.

జపాన్ కథని మరీ తియ్యగా చెప్పడం కూడా అబద్ధమే. జీతం రోజున కొట్టు బాకీ తీర్చి మిగిలింది ఇంటికి తెచ్చిన యహతా మగాళ్ల భార్యలు ఏమనుకున్నారో పర్యాటక శాఖ కరపత్రాల్లో ఉండదు. దూబగుంట ఆడవాళ్ల గొంతు మన చరిత్రలో ఉంది. ఆ విషయంలో మన చరిత్రే మెరుగు. తాగి నడపడం మీద జపాన్ గట్టిగా మారింది కూడా ఒక ఘోరం తర్వాతే. 2006 ఆగస్టులో, కితాక్యూషు ఉన్న ఫుకుఒకా ప్రాంతంలోనే, తాగి కారు నడిపిన ఒకడు వంతెన మీద ఓ కుటుంబం కారును గుద్ది సముద్రంలోకి నెట్టేశాడు. ముగ్గురు పసిపిల్లలు చనిపోయారు. 2007 నుంచి తాగి నడిపినవాడితోపాటు వాడికి మందు పోసినవాడు, తెలిసీ పక్క సీట్లో కూర్చున్నవాడు కూడా శిక్షకు పాత్రులే. అందుకే కొట్టు యజమాని బండి తాళాలు కనిపిస్తే సీసా ఇవ్వడు. మన ఎన్‌హెచ్-16 పక్కన నిలబడి ఈ మాట చదివితే తేడా ఎక్కడుందో తెలుస్తుంది.

పన్ను ఆట అక్కడ ఇంకా సాగుతోంది. 1994లో రెండు మార్పులొచ్చాయి. లైసెన్సుకి కావలసిన కనీస ఉత్పత్తిని ఏడాదికి 20 లక్షల లీటర్ల నుంచి 60 వేల లీటర్లకు దించారు. ఇవాళ యాత్రికులు వెతుక్కుంటూ వెళ్లే చిన్న బ్రూవరీలన్నీ ఆ ఒక్క సవరణ పిల్లలే. అదే ఏడు పెద్ద కంపెనీలు మాల్ట్ తగ్గించి, చట్టం దృష్టిలో బీరు కాని బీరు తయారుచేసి తక్కువ పన్నుతో అమ్మడం మొదలుపెట్టాయి. సర్కారు పన్ను పెంచితే, బఠానీ ప్రొటీన్‌తో ఇంకో రకం తెచ్చాయి. ఒక దశలో 350 మిల్లీలీటర్ల డబ్బా మీద అసలు బీరుకి 77 యెన్‌లు, బఠానీ రకానికి 28 యెన్‌లు పన్ను. అన్నిటికీ ఒకటే పన్ను, 54.25 యెన్‌లు, 2026 అక్టోబరు నుంచని చట్టం చేశారు. కార్మికుడి గ్లాసులో ఏముండాలో రుచి కంటే ముందు పన్ను తేలుస్తుందన్నది రెండు దేశాల్లోనూ నిజమే. అక్కడ ఒక మార్పుకి పదేళ్లు ముందు చెబుతారు, ఇక్కడ ఎన్నికల ఫలితాల రోజున తెలుస్తుంది.

యహతాలో ఇప్పుడు మనుషులు తగ్గారు. 1901 నాటి కర్మాగారంలో కొంత భాగం 2015లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. అక్కడ బ్లాస్ట్ ఫర్నేస్ స్థానంలో ఎలక్ట్రిక్ ఫర్నేస్ పెడతామని నిప్పన్ స్టీల్ 2025 మేలో ప్రకటించింది. కొట్లు నడిపే ముసలివాళ్లకు వారసుల్లేక చాలా మూతబడ్డాయి. అందుకే మిగిలినవాటిని ఆ ఊరివాళ్లే పట్టుకుని, చరిత్ర రాసి, పటాలు గీసి, ఒక అధ్యయన సంఘం కూడా పెట్టుకున్నారు. ఒంటరి యాత్రికుడు చేతిలో పటం పట్టుకుని కొకురా స్టేషన్లో దిగగలుగుతున్నాడంటే వాళ్ల చలవే.

కూర్మన్నపాలెంలో 1980లలో చేరినవాళ్లు రిటైరైపోయారు. ఆర్చి దగ్గర 2021 నుంచి సాగిన ప్రైవేటీకరణ వ్యతిరేక దీక్షల గురించి వార్తలున్నాయి, పుస్తకాలూ వస్తాయి. షిఫ్టు దిగాక వాళ్లు ఎక్కడ నిలబడ్డారో, ఏం తాగారో, నిషేధం ఏళ్లలో ఏం చేశారో, ఇంట్లో ఆడవాళ్లు ఏమన్నారో ఎవరూ రాసిపెట్టలేదు. గాజువాక, ఉక్కునగరం, దువ్వాడల్లో ఆ తరం ఇంకా మన మధ్యే ఉంది. కాలేజీ చరిత్ర విభాగాలవాళ్లో, యూనియన్లవాళ్లో ఒక రికార్డరు పట్టుకుని వెళ్లి వాళ్లనూ, వాళ్ల భార్యలనూ అడగాలి. ఈ పని ఈ రెండు మూడేళ్లలోనే జరగాలి.